రాయకోట టమేటా, కారన్‌వాలీసు దొర, పదో తరగతి పుస్తకం

"అన్నా, పాపకు ప్రపంచ చరిత్ర పుస్తకం ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్లు హోసూరులో అరుదుగా తగులుతారు. లెక్కల ట్యూషను ఎక్కడ బాగుంటుంది, నీట్ కోచింగుకు బెంగళూరే పంపాలా అని అడిగేవాళ్లకు కొదవ లేదు. చరిత్ర అంటే మార్కుల కోసం బట్టీ కొట్టి, పరీక్ష రాసిన మధ్యాహ్నమే మర్చిపోయే సబ్జెక్టు కదా మన లెక్కలో. అందుకే ఆ ప్రశ్న వినబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్తాను. ఇవాళ మీరు దొరికారు.

ముందు ఒక చిక్కు ఉంది. పాప చదివేది ఏ బడి అనేది తేలాలి. మా ఊళ్లో ఒకే వీధిలో ఒకడు తమిళనాడు బోర్డు, పక్కింటి పిల్ల సీబీఎస్ఈ, ఎదురింటివాడు పొద్దున్నే బస్సెక్కి అత్తిబెలె దాటి కర్ణాటక బడికి పోతాడు. ముగ్గురూ సాయంత్రం ఒకే మైదానంలో క్రికెట్ ఆడతారు, ముగ్గురికీ నెపోలియన్ వేరే వేరే పుస్తకాల్లో వస్తాడు. ఇది చాలదన్నట్టు తెలుగు మీడియం సంగతి వేరు. 1956లో భాషా రాష్ట్రాలు గీసినప్పుడు హోసూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇళ్లలో తెలుగు, సంతలో తెలుగూ కన్నడమూ తమిళమూ, ఆఫీసులో తమిళం. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికో మెట్టు ఎక్కి అది పదో తరగతి పరీక్ష దాకా వచ్చేసరికి గొడవ కోర్టులకెక్కింది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మినహాయింపులు దొరికాయి. ఆ కథ మరోసారి. ఇప్పుడు మనకు కావలసిందల్లా ఇంతే: తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ అచ్చువేసే సాంఘిక శాస్త్రం తెలుగులో కూడా ఉంది, మన పిల్లలు కొందరు దాన్నే చదువుతున్నారు.

ఆ పుస్తకాన్ని తీసిపారేయకండి. 2018లో కొత్త సిలబస్ వచ్చాక తొమ్మిదో తరగతి చరిత్ర ఆదిమానవుడి దగ్గర మొదలై, ప్రాచీన నాగరికతలు, గ్రీకులు, రోమన్లు, మధ్యయుగాలు, విప్లవాలు, పారిశ్రామిక విప్లవం మీదుగా ఆసియా ఆఫ్రికా వలసల దాకా పోతుంది. పదో తరగతి నేరుగా మొదటి ప్రపంచ యుద్ధంతో తలుపు తెరుస్తుంది. మొదటి నాలుగు పాఠాలూ ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచమే. పధ్నాలుగు పదిహేనేళ్ల పిల్లకు ఇంత ప్రపంచం చూపించాలని ఒక రాష్ట్రం అనుకోవడమే గొప్ప. నా ఫిర్యాదల్లా తొందర మీద. ఒక పేరాలో రాజు పోతాడు, మరో పేరాలో రాజ్యం పోతుంది, ఊపిరి పీల్చుకునే లోపల అభ్యాసం ప్రశ్నలు వచ్చేస్తాయి. దానికి పక్కన ఇంకో పుస్తకం ఉండాలి. ఆ ఇంకో పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలన్నదే మన కబుర్ల సారం.

బెంగళూరులో పెద్ద పుస్తకాల షాపుకు వెళ్తే ప్రపంచ చరిత్ర అరలో డజను పుస్తకాలుంటాయి. రంగురంగుల పిరమిడ్లు, అట్ట మీద చెంగిజ్‌ఖాను గుర్రం. అట్ట చూసి మోసపోవద్దు. ధర చూసి కూడా. నా మొదటి పరీక్ష ఇది. మన తాలూకా మీదుగా పోయిన ప్రపంచాన్ని ఆ పుస్తకం పట్టుకుందా లేదా అని చూస్తాను. మన కళ్ల ముందున్న కొండ గురించి తప్పు చెప్పేవాడు కైరో గురించి నిజం చెప్తాడని ఎలా నమ్మడం?

మన తాలూకా మీదుగా ప్రపంచం ఎక్కడ పోయింది అంటారా? ఇలా రండి, కృష్ణగిరి కొండ చూపిస్తాను. ఏ పుస్తకమైనా తీసి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం తెరవండి. దాదాపు ప్రతి దాంట్లోనూ చివరి పేరా ఒకటే: 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ దగ్గర కారన్‌వాలీసు ఆయుధాలు పడేశాడు, అమెరికా గెలిచింది, పాఠం అయిపోయింది. మరి కారన్‌వాలీసు ఏమయ్యాడు? ఇంటికి పోయి తోటపని చేసుకున్నాడా? ఐదేళ్లు తిరిగేసరికి 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1791 మార్చిలో బెంగళూరు కోట పట్టాడు. ఆ జూలైలోనే హోసూరు, రాయకోట కోటలు ఇంగ్లీషు కుంఫిణీ చేతికొచ్చాయి. నవంబరులో మాక్స్‌వెల్ అనేవాడు కృష్ణగిరి మీద పడ్డాడు. కింద పేట చిక్కింది గానీ కొండ మీద కోట చిక్కలేదు, వెనక్కి తిరిగాడు. యుద్ధంలో చిక్కనిది కాగితం మీద చిక్కింది. 1792 మార్చి శ్రీరంగపట్నం ఒప్పందంలో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకున్నాడు, ఇద్దరు కొడుకుల్ని జామీనుగా అప్పగించాడు. ఆ సగంలో బారామహల్ ఉంది, అంటే మన కృష్ణగిరి సీమ. హోసూరు మాత్రం ఒప్పందం తర్వాత మళ్లీ మైసూరు కిందికే పోయి 1799 దాకా అక్కడే ఉంది. అమెరికాలో ఓడినవాడే ఇక్కడ గెలిచాడు. ఈ రెండు సంగతులనూ ఒక చోట చేర్చని పుస్తకంలో ప్రపంచం ఉండదు. దేశాల చరిత్రలు వరసగా కుట్టి ఉంటాయి, అంతే.

ఇంకా లోతుకు పోదాం, నాకు ఇక్కడ ఆగబుద్ధి కావడం లేదు. అసలు టిప్పు తండ్రి హైదరలీ 1780లో కర్ణాటకం మీద ఎందుకు విరుచుకుపడ్డాడు? దానికి మూలం కూడా అమెరికాలోనే ఉంది. 1778లో ఫ్రాన్సు అమెరికా తిరుగుబాటుదార్లతో చేయి కలిపింది. దాంతో ఇంగ్లీషువాళ్లు ఇక్కడున్న ఫ్రెంచి స్థావరాల మీద పడ్డారు. ముందు పుదుచ్చేరి, 1779లో మాహే. మాహే ఓడరేవు నుంచే హైదరలీకి యుద్ధ సామగ్రి వచ్చేది. నా రేవు మీద చెయ్యి వేస్తారా అని ఆయన ఘాట్లు దిగాడు. పొల్లిలూరు దగ్గర కుంఫిణీ దళాన్ని చితక్కొట్టాడు. ఆ వార్త సముద్రాలు దాటిపోయింది. పెన్సిల్వేనియావాళ్లు ఒక యుద్ధనౌకకు హైదర్ అలీ అని పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్‌లో డెలావేర్ అఖాతంలో అది జనరల్ మాంక్ అనే ఇంగ్లీషు ఓడను పట్టేసింది. ఎక్కడ శ్రీరంగపట్నం, ఎక్కడ డెలావేర్! ఇక ఆ అమెరికా యుద్ధంలో చివరి పోరు ఎక్కడ జరిగిందనుకుంటున్నారు? మన కడలూరులో. 1783 జనవరిలోనే యూరప్‌లో సంధికి ఒప్పుకున్నారు. ఆ కబురు ఇక్కడికి చేరేసరికి జూన్ నెలాఖరు. అప్పటిదాకా ఇంగ్లీషూ ఫ్రెంచీ వాళ్లు కడలూరు దగ్గర నేల మీదా నీటి మీదా కొట్టుకుంటూనే ఉన్నారు. ఇంత కథ చెప్పాక పదో తరగతి పిల్లవాడు అమెరికా విప్లవాన్ని మర్చిపోతాడా చెప్పండి.

తర్వాత 1799 చూడండి. అప్పటికే ఈజిప్టులో దిగిన నెపోలియన్ కైరో నుంచి టిప్పుకు జాబు రాశాడు. అది దారిలోనే ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. మార్చిలో ఇంగ్లీషు జనరల్ హ్యారిస్ సేనలు రాయకోట దాటి కెలమంగలం దగ్గర విడిది చేశాయి. వాళ్లలో నిజాము పంపిన దళానికి నాయకత్వం వహించిన యువకుడు ఆర్థర్ వెల్లెస్లీ. పదహారేళ్ల తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఆయనే. హోసూరు పిల్లలు కెలమంగలం మీదుగా వెళ్తుంటారు, వాటర్లూ కోసం మాత్రం బెల్జియం పటం వెతుకుతారు. ఆ 1799 యుద్ధంలో మైసూరు రాకెట్ల దెబ్బ తిన్న ఇంగ్లీషువాళ్లు వాటి నమూనాలు తీసుకెళ్లారు. కాంగ్రీవ్ అనేవాడు వాటిని మెరుగుపెట్టాడు. 1807లో కోపెన్‌హాగెన్ మీద, 1814లో అమెరికాలో బాల్టిమోర్ కోట మీద పడ్డవి అవే. అమెరికావాళ్ల జాతీయ గీతంలో రాకెట్ల ప్రస్తావన అలా వచ్చిందే.

టిప్పు బారామహల్ వదులుకున్న తర్వాతి సంగతి ఆంధ్రావాళ్లకు దగ్గర. 1792లో బారామహల్‌కు వచ్చిన కుంఫిణీ అధికారులు అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో. రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతిని ఇక్కడి పొలాల్లో పరీక్షించి చూశారు. ఆ మన్రోయే 1800లో కడప, బళ్లారి, అనంతపురం సీమలకు పోయాడు, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. రాయలసీమ రైతు ఇవాళ్టికీ పట్టా చేత పట్టుకుని తిరుగుతున్నాడంటే ఆ పద్ధతికి మొదటి ప్రయోగం మన కృష్ణగిరి, ధర్మపురి సీమలోనే జరిగింది. ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కారన్‌వాలీసు కూర్చున్న ఆ గవర్నర్ జనరల్ కుర్చీలో చిట్టచివర కూర్చున్నది ఎవరు? హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టి, హోసూరులో చదువుకున్న రాజాజీ.

ఇదంతా ఒక్క పుస్తకంలో ఉండాలని నేననను. ఉండదు. ఒక దేశం పాఠం నుంచి ఇంకో దేశం పాఠానికి దారి ఉందా అన్నది చూడమంటాను. అమెరికా పాఠంలో ఇండియా ఒక్కసారైనా తొంగి చూడాలి. ఫ్రెంచి విప్లవం పాఠంలో హైతీ రావాలి. అక్కడి బానిసలు తిరగబడి 1804లో దేశం తెచ్చుకున్నారు. స్వేచ్ఛ, సమానత్వం అని పారిస్‌లో చాటినవాళ్లు తమ చెరకు తోటల్లో ఏం చేశారో రాయని పుస్తకానికి మొహమాటపడి మార్కులు వేయకండి.

రెండో పరీక్ష వంటింట్లో చేయొచ్చు. రాయకోట టమేటా మార్కెట్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. లారీలు లారీలు పోతాయి అక్కడి నుంచి. ఆ టమేటా మనది కాదు. మిరపకాయ మనది కాదు. తళి చుట్టూ పండే బంగాళాదుంప, బంగారంలాంటి వేరుశనగ, దసరాకు వాకిలి కట్టే బంతిపూవు, అన్నీ 1492 తర్వాత అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. అంతకంటే చిత్రం మన రాగి. సంగటి లేనిదే మొరసునాటి మనిషికి పూట గడవదు కదా, ఆ రాగి వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో పుట్టి మన దగ్గరికొచ్చింది. అంటే సంగటి ముద్దలో ఆఫ్రికా, పక్కన టమేటా ఊరుబిండిలో మెక్సికో. ఇక్కడివాళ్లం పొద్దున్నే రెండు ఖండాలు తిని పనికి పోతాం. మామిడి ఒక్కటి ఖచ్చితంగా మనదే, దాని గుజ్జు కృష్ణగిరి ఫ్యాక్టరీల నుంచి గల్ఫుకూ యూరప్‌కూ పోతోంది.

కాబట్టి పుస్తకంలో కొలంబస్ పాఠం తీయండి. ఓడల పేర్లు మూడు చెప్పి, రాణి నగలు అమ్మిందని కథ చెప్పి వదిలేస్తే ఆ పుస్తకం వద్దు. మొక్కలు ఎటు పోయాయి, మశూచి ఎటు పోయింది, దాని వల్ల మెక్సికో జనం ఎలా రాలిపోయారు, పొలాల్లో పనికి మనుషులు కరువై ఆఫ్రికా నుంచి బానిసల్ని ఎలా తెచ్చారు అని గొలుసు కట్టి చెప్తే అది మంచి పుస్తకం. ఇందులో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకానికి నేను ఎప్పుడూ మంచి మాటే చెప్తాను. ప్రపంచం ఎలా ఒకటైందో చెప్పే పాఠంలో పట్టు దారుల నుంచి బంగాళాదుంప దాకా, ఐర్లండు కరువు దాకా తిండి వెంటే నడుస్తారు. అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పిల్లల చేతికీ వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. హోసూరు తెలుగు మీడియం పిల్లకు అంతకంటే కానుక ఉండదు. కుప్పంలోనో పలమనేరులోనో మీకు చుట్టాలుంటే ఒక కాపీ తెప్పించుకోండి.

మూడో పరీక్ష చిన్నది. 'ఎందుకంటే', 'దాంతో', 'అందువల్ల' అనే మాటలు పేజీకి ఎన్నున్నాయో చూడండి. మొదటి యుద్ధం పాఠం చాలు. 1914 జూన్ 28న సారాయెవోలో కాల్పులు, సరిగ్గా ఐదేళ్లకు అదే తారీకున వెర్సాయి సంధి. తర్వాత జర్మనీ మీద నష్టపరిహారం, 1923లో రొట్టె కొనడానికి గంపెడు నోట్లు, 1929లో అమెరికా మార్కెట్టు కూలడం, 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కడం. వీటిని ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి రాస్తే పిల్ల బట్టీ కొడుతుంది. ఒకదాని కడుపులోంచి ఒకటి ఎలా పుట్టిందో చెప్తే అర్థం చేసుకుంటుంది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మంది దాకా పోయారని, 1914 సెప్టెంబరులో ఎండెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిందని కూడా ఉంటే ఇంకా మేలు.

గైడ్ల మాట అడక్కండి. అడిగారు కాబట్టి చెప్తా. పరీక్ష ముందు నెల గైడు పట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, జూన్‌లో పట్టుకుంటేనే. గైడు చదివిన పిల్లకు పది కారణాలూ వస్తాయి, వాటిలో అసలు కారణం ఏదమ్మా అంటే దిక్కులు చూస్తుంది.

ఆఫ్రికాను ఒకసారి చూసుకోండి. తెల్లవాళ్లు దిగకముందు ఆ ఖండం పుస్తకంలో ఉందా? 1324లో మక్కాకు పోతూ కైరోలో బంగారం పంచిన మాలీ రాజు మన్సా మూసా ఉన్నాడా? చైనా నుంచి 1405లో మొదలుపెట్టి కాలికట్ దాకా పెద్ద ఓడలు నడిపిన జెంగ్ హే ఉన్నాడా? లేకపోతే ఆ పుస్తకానికి ప్రపంచం అంటే యూరపూ, దాని పెరడూ.

"ఇన్ని చెప్పావు, తెలుగులో ఏదీ లేదా?" అంటారు. మనవాళ్లకు ఈ ఆకలి కొత్తది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు పూనుకుని విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు మొట్టమొదట అచ్చువేసిన పుస్తకం ఏమిటో తెలుసా? అబ్రహాం లింకన్ జీవితం, గాడిచర్ల రాసింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు చదివే కుర్రాడికి కెంటకీ అడవిలో పుట్టినవాడి కథ కావాలని వాళ్లకు తోచింది. కాళేశ్వరరావు ఫ్రెంచి విప్లవం మీద తెలుగులోనే పుస్తకం రాశాడు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక కాలేజీ పిల్లలకు ప్రపంచ చరిత్ర దొరికింది. అవన్నీ పెద్దవాళ్లవి. పన్నెండేళ్ల పిల్ల నవ్వుకుంటూ చదివే ప్రపంచ చరిత్ర తెలుగులో ఇంకా ఎవరో రాయాల్సిందే. హోసూరులో కథలు రాసే మన కుర్రాళ్లు ఒక చూపు ఇటు వేస్తే బాగుండు. మన మాటలో రాస్తే ఇంకా బాగుండు.

అంతవరకూ ఏం కొనాలో చెప్తాను, రాసుకోండి. పదేళ్ల పిల్లకు గోంబ్రిచ్ రాసిన చిన్న ప్రపంచ చరిత్ర. 1935లో వియన్నాలో జర్మన్‌లో రాసినది, ఇంగ్లీషులోకి 2005లో వచ్చింది. తాత మనవరాలికి చెప్పినట్టుంటుంది, కాకపోతే ఆ తాత యూరపు తాత. అది గుర్తుంచుకుని చదివించండి. పదో తరగతి దాటిన పిల్లకు నెహ్రూ జైలు నుంచి కూతురికి రాసిన 196 ఉత్తరాలు, 1930 నుంచి 1933 దాకా రాసినవి. లైబ్రరీ దగ్గర లేకుండా రాశాడు, తర్వాత వచ్చిన పరిశోధనలు అందులో ఉండవు. అయినా అమ్మాయికి ఆసియాను మధ్యన కూర్చోబెట్టి ప్రపంచం చెప్పిన పుస్తకం అది. యూపీఎస్సీ రాస్తానంటున్న మీ పెద్దవాడికి నార్మన్ లో పుస్తకం చాలు. కానీ అది ఇంగ్లండు కుర్రాళ్ల పరీక్షల కోసం రాసింది, ఇండియా కోసం పేజీలు తిప్పి నిరాశ పడొద్దని ముందే చెప్పండి.

వీటన్నిటికంటే పైన నేను పెట్టేది ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతికి 2006లో తెచ్చిన ప్రపంచ చరిత్ర పుస్తకం. పాత శాసనాల బొమ్మలు, ఆనాటి మనుషుల మాటలు, పక్కన పటం. ఇది చూడు, నువ్వేమనుకుంటున్నావో చెప్పు అని పిల్లను అడుగుతుంది. ఒక చిక్కు వచ్చింది. 2022లో సిలబస్ తగ్గిస్తూ నాలుగు పాఠాలు తీసేశారు. మనిషి పుట్టుక, అరబ్బు భూములు, కొలంబస్ వెళ్లినప్పటి తాకిడి, పారిశ్రామిక విప్లవం, అన్నీ పోయాయి. ఆవిరి యంత్రం లేని ప్రపంచ చరిత్ర! మన సిప్‌కాట్‌లో షిఫ్టుకు పోయే తండ్రి కూతురికి ఫ్యాక్టరీ ఎలా పుట్టిందో చెప్పని పుస్తకం ఇచ్చి ఏం లాభం? కొత్తగా కొనేవాళ్లు అందుకే అచ్చైన సంవత్సరం చూసుకోండి, పాత ప్రతి దొరికితే చినిగినదైనా తీసుకోండి.

మీ ఇంట్లో అటక మీద 2022కు ముందుది ఒకటి పడి ఉంటే మాత్రం దయచేసి పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. పక్క వీధిలో పదకొండుకు వచ్చిన పిల్ల ఎవరున్నారో కనుక్కుని ఇచ్చేయండి.